దూడ లేని పాలు

"ఇంక నువ్వు కాళ్ళు బారజాపుకుని కూర్చోవచ్చే నిర్మలా!" అన్నాడు వెంకటరామారావు, లారీ వెనక తలుపు దింపుతూ.

లారీ నిండా నీలం డ్రమ్ములు. ఎక్కడో చలిదేశంలో పాలు కాచి, నీరంతా ఇగిరించి, పంచదార కలిపి, ఓడెక్కించి పంపిన చిక్కపాలు. విశాఖ రేవులో దిగి, సత్తుపల్లి మీదుగా ఆ తొంభై ఆరు జ్యేష్ఠమాసంలో దమ్మపేట చేరాయి. కోవా చెయ్యాలంటే ఇకమీదట చీకటితో లేచి పాలు పోయించుకోవడం, పూటంతా మరిగించడం అక్కర్లేదట. మూత తీసి, బాణలిలో పోసి, పావుగంట తిప్పితే చాలట. ఆ ‘అట’లన్నీ అతనే చెప్పాడు. ఇరవై రెండేళ్ళుగా తెడ్డు తిప్పుతున్న మనిషిని ఒక్కమాట అడగాలని అతనికి తోచలేదు. అడగలేదేమని అనాలని నిర్మలాదేవికీ తోచలేదు.

ఇంటి వెనక రేకుల షెడ్డుకు ‘నిర్మలా స్వీట్స్’ అని బోర్డు ఉంటుంది. ఆడవాళ్ళ పేరు మీదైతే లైసెన్సు త్వరగా వస్తుందని ఎవరో చెబితే రాయించాడు. పాలు తెప్పించిన కాగితాల మీదా ఆమె పేరే. ఎవరైనా వచ్చి "మీ ఆవిడ ఏం చేస్తుంటారు?" అంటే మాత్రం, "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అంటాడు, ఆమె చేసిన కోవా వాళ్ళ చేతిలో పెడుతూ.

డ్రమ్ములు దింపుతుంటే ముత్తక్క చూస్తూ నిలబడింది. అడవి అంచు గూడెం నుంచి వచ్చి తొమ్మిదేళ్ళుగా బాణళ్ళు తోముతోంది. ఆమె మనవరాలు లాలి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఈ డ్రమ్ముల కోవా మొదట వెళ్ళేదీ ఆ హాస్టలుకే. ముత్తక్క మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కోవా నోట పెట్టలేదు. వాళ్ళ గూడెంలో పెద్దవాళ్ళు ఆవును పితకరు. దూడ కోసం పడిన పాలు దూడవే అంటారు.

డ్రమ్ము మీద నల్లమచ్చల ఆవు బొమ్మ, పచ్చగడ్డిలో నిలబడి. ముత్తక్క చుట్టూ తిరిగి చూసింది.

"దూడేదమ్మా?"

"బొమ్మేగా ముత్తక్కా."

"బొమ్మయితే మాత్రం గట్ల ఒక్కదాన్నే నిలబెడ్తరా? ఇన్ని పీపాల పాలు పిండిండ్రు. దూడలన్నీ ఏడ వోయినయో!"

నవ్వుతూనే అంది. కానీ ఆ పూట నుంచి ఒంటరిగా షెడ్డులో అడుగుపెట్టలేదు.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం నిర్మలాదేవి యాలకులు దంచుతుంటే వెనక టక్ మంది. ఎవరో వేలి కణుపుతో లోపలినుంచి తట్టినట్టు. తిరిగి చూసింది. ఎవరూ లేరు. కాసేపటికి ఇంకో డ్రమ్ములోంచి, టక్. మొదటిది బదులిచ్చింది. ఎండకు రేకులు అలా అంటాయిలే అని సర్దిచెప్పుకుంది గానీ, రేకుల చప్పుడు ఆమె ఎరగనిది కాదు, ఇరవై రెండు వేసవులు విన్నది. ఇది పైనుంచి రావడం లేదు. ఒక మూత అంచున జారిన బొట్టు నేల మీద మెరుస్తోంది. గోడవారగా వచ్చిన చీమల బారు ఆ బొట్టు దాకా వచ్చి, రెండుగా చీలి, చుట్టూ తిరిగి, అవతల మళ్ళీ ఒకటై పోతోంది. ఒక్క చీమా మూతి పెట్టలేదు.

అప్పుడు రవిక తడిగా తగిలింది. చెమట అనుకుంది. కొంగుతో ఒత్తుకుంటే జిగట. ఆమెకు నలభై మూడేళ్ళు. పాలు ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది.

కూతురు భారతి పుట్టిన పన్నెండోనాడే బాణలి ముందు కూర్చుంది. పక్కగదిలో పసిది గుక్కపెట్టి ఏడుస్తుంటే రవిక తడిసి, పొట్ట మీదికి కారేది. తెడ్డు వదిలి లేవబోతే అత్తగారు పద్మావతమ్మ గుమ్మంలోంచి, "కూర్చో, కూర్చో. కోవా అడుగంటిందంటే పూటంతా దండగ. పిల్లకేం, డబ్బాపాలు పట్టి జోకొట్టాను" అనేది. ఊరి గేదెల పాలు కళ్ళముందు ఇగురుతుంటే, పోటు తగ్గేదాకా తన పాలు తాను పొయ్యి వెనక తూములోకి పిండుకునేది. ఎవరూ కసిరింది లేదు, కొట్టింది లేదు. పని అలాంటిది, అంతే అనుకుంది. భారతి ఇప్పటికీ నాయనమ్మనే అమ్మా అంటుంది. కన్నతల్లిని ఏమనీ పిలవదు. "వింటున్నావా" అంటుంది.

టక్.

గుమ్మం బయట ముత్తక్క. చూపు నిర్మలాదేవి రవిక మీద నిలిచిపోయింది.

"అడుగుతున్నయమ్మా" అంది మెల్లగా.

"ఎవరు?"

"ఎవరో మీకెరికేగద."

నిర్మలాదేవి లేచి డ్రమ్ముల మూతల మీద అరచెయ్యి వేసి చూసింది. చదునుగా ఉండాల్సినవి ఉబ్బి ఉన్నాయి, నెలలు నిండిన పొట్టల్లా. ఒకదాని బిరడా తిప్పింది. ఎన్నాళ్ళ నుంచో బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలినట్టు బుస్సుమంది. ఇప్పపువ్వు నానేసిన కుండ వాసన. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ముందు తీపి, దాని వెనక పులుపు, ఆ వెనక నాలుకను చిన్నగా గిల్లుతూ ఏదో.

వెంకటరామారావు భోజనానికి వచ్చాడు.

"ఏవండీ, సరుకు పొంగింది."

"పొంగడానికి అదేమన్నా పూరీనా?"

"పులిసింది. పిల్లలు తింటే కడుపులు పోతాయి."

"రెండు గుప్పిళ్ళు యాలకులు ఎక్కువ కొట్టి గట్టిగా కాచు. సోమవారం మొదటి లోడు పోవాలి. షిప్పులో దిగిన మాలుకు వంకలు పెడతావేంటే, ఏడో క్లాసు చదువుకుని!" కాగితాల కట్ట ముందు పడేశాడు. "పైన రెండు ప్రతులున్నాయి, సంతకాలు పెట్టు. సరుకు నువ్వే చూశావు, తినడానికి బాగుంది అని రాసుంది, అంతే. హాస్టలు వాళ్ళు బ్యాంకులో ఉన్న నీ సంతకంతో సరిచూసుకుంటారట. కుదురుగా పెట్టు."

కట్ట విప్పింది. అడుగున ఇంకో రెండు కాగితాలు, ఎర్రసిరాతో కొట్టేసి తిరిగొచ్చినవి. కింద ఆమె పేరు. అక్షరాలు మాత్రం కుడివైపు వాలి, అతనిలాగే తొందరపడుతున్నాయి.

"సరుకు రేవులో రెండు నెలలు ఎందుకాగింది?"

"సంతకం కలవలేదన్నారు వెధవలు."

"ఎవరి సంతకం?"

"నీదే" అని, అప్పుడు చూశాడు ఆమె చేతిలో ఏమున్నాయో. "నువ్వు పొయ్యి దగ్గరుంటివి. ప్రతిదానికీ లేపడం ఎందుకని..."

వైశాఖంలో ఒకరోజు కరెంటు మీటరుకని చెప్పి, మడిచిన కాగితం కింది అంచు మాత్రం చూపించి, తెడ్డు పట్టుకున్న చేత్తోనే ఆమె చేత సంతకం చేయించుకున్నాడు. రేవుకు పంపిన ఆ మూడోది కలిసింది. అప్పటిదాకా డ్రమ్ములు రేవులో ఎండను తాగుతూ కూర్చున్నాయి. మొదటే పిలిస్తే తెడ్డు పక్కన పెట్టి వచ్చేది. రెండు నిమిషాల పని.

షెడ్డులో టక్ మంది. ఈసారి అతనూ విన్నాడు.

"ఏంటది?"

ఆమె పై రెండు ప్రతులు దగ్గరికి లాక్కుంది. కలం తీసుకుంది. ఇంగ్లీషు వరసల కింద ఖాళీగా ఉన్నచోట, బడిలో దిద్దిన గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘ఈ పాలు నేను రుచి చూశాను. పులిశాయి. పిల్లలకు పెట్టవద్దు.’ కింద సంతకం. రెండో ప్రతి మీదా అదే రాసి, ఒకటి మడిచి, గుమ్మం దగ్గరికి నడిచింది.

"ముత్తక్కా, లాలి హాస్టల్లో మేడమ్ చేతికియ్యి. ఇప్పుడే పో."

ముత్తక్క కాగితం రవికలో దోపుకుని, వెనక్కి చూడకుండా రోడ్డెక్కింది.

వెంకటరామారావు మిగిలిన ప్రతి రెండుసార్లు చదివాడు. మొహం కందిపోయింది. "నీకేమన్నా పట్టిందా? దీన్ని చింపేసి ఇంకో కాగితం తెస్తాను. సంతకం నేనే పెట్టుకుంటాను. నువ్వు రాసిందెవడు నమ్ముతాడు?"

నిర్మలాదేవి కలానికి మూత పెట్టింది.

"పెట్టుకోండి" అంది. "కలవదు."