మా ఆయన అడుగులు

బోళ్ళు తోముతున్న నా చేతిని లాగి, సబ్బు నురగ తుడిచి, మా ఆయన శ్రావణ్ నా మణికట్టు మీది అడుగులు లెక్కపెట్టే బ్యాండు చూశాడు. "పదహారు వేలే అయినయ్. నిన్న పద్దెనిమిది కొట్టినవ్ గద, ఇయ్యాల ఏమైంది?" అన్నాడు. వాన పడి బట్టలు ఉతకలేదని చెప్పాను. "అయితే జర మిద్దె మీదికి నాలుగుసార్లు ఎక్కి దిగు" అన్నాడు. ఎక్కి దిగాను.

ఆ బ్యాండు నాది కాదు. భూపాలపల్లిలో ఆయన పనిచేసే కంపెనీ, ఉద్యోగులు ఒళ్ళు తగ్గించుకోవాలని తలా ఒకటి ఇచ్చింది. రెండు నెలల్లో అందరికంటే ఎక్కువ నడిచినవాళ్ళకు స్టేజీ మీద శాలువా కప్పుతారట. ఆయనది కుర్చీ ఉద్యోగం. ఎంత తిరిగినా రెండు వేల అడుగులు దాటవు. మొదటి వారమే దాన్ని తెచ్చి నా చేతికి కట్టాడు. "శ్రేయ పుట్టినకాడికెల్లి నీ ఒళ్ళు సూసుకుంటున్నవా అసలు? నీకు ఎక్సర్‌సైజు, నాకు అడుగులు. ఆఫీసుల ఎవలన్న అడిగితే ఛార్జింగ్ పెట్టిన అని చెప్త" అన్నాడు. పడుకున్నప్పుడు కూడా తీయొద్దన్నాడు. సాయంత్రం రాగానే, ఇంకా చెప్పులు విడవకముందే నా చెయ్యి పట్టుకుని అంకె చూసుకుంటాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన ఇన్నిసార్లు నా చెయ్యి పట్టుకున్నది ఈ రెండు నెలల్లోనే. సిగ్గులేనిదాన్ని, మొదట్లో సంతోషపడ్డాను కూడా.

ఎంత నడిచినా ఒళ్ళు మాత్రం తగ్గలేదు. "గంతగనం తిరిగితే పుల్ల లెక్క గావాలె. సాటుకు ఏం తింటున్నదో ఏమో" అని మా అత్తమ్మ సుశీల పక్కింటామెతో నాకు వినపడేట్టే అంది. నాకేమో నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కూర్చున్నా గుండె దడ. శ్రావణ్‌కు చెప్తే "ఒళ్ళు తగ్గితే గదే పోతది" అన్నాడు. జఫర్‌గఢ్‌లో ఉన్న అవ్వకు ఫోన్ చేస్తే "అల్లుడు చెప్పినట్టు ఇను బిడ్డా" అంది. ఇంకెవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

పోయిన వారం కంపెనీ డాక్టరు శ్రావణ్‌ను పిలిపించాడు. బ్యాండులో ఎక్కిన వివరాలన్నీ వాళ్ళకు కనిపిస్తాయట. నిద్రలో కూడా గుండె నిమిషానికి నూట నాలుగుసార్లు కొట్టుకుంటోంది, నిద్ర నాలుగు గంటలకు మించడం లేదు, ఇది మంచిది కాదన్నాడట. ఈసీజీ తీశారు, రక్తం చూశారు. ఏ లోపమూ దొరకలేదు. అయినా బ్యాండు అన్ని రోజులుగా చూపిస్తున్నది కొట్టిపారేయలేక, బరువులెత్తొద్దు, మెట్లెక్కొద్దు, బాగా నిద్రపోవాలి అని రాసి వారం సెలవిచ్చాడు. ఆ చీటీ పట్టుకుని శ్రావణ్ ఇంటికొచ్చాడు.

అత్తమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "నౌకరి చేసి చేసి నా కొడుకు గుండె పాడు చేసుకుంటున్నడు" అని మంచం మీద మెత్తటి దుప్పటి పరిపించింది. బత్తాయి రసం, కోడి సూపు, అరికాళ్ళకు నూనె. అన్నీ నేనే. రసం ఇస్తుంటే శ్రావణ్ మెల్లగా నవ్వాడు. "నీ పుణ్యాన వారం లీవు దొరికింది సింధూ."

"మరి ఆ గుండె నాది గదా" అన్నాను.

దాపరికమేమీ లేదు ఆయన ముఖంలో, నిజంగానే అర్థం కాలేదు. "నీకేమైతది? ఇంట్లనే ఉంటవ్ గద" అని ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టాడు.

ఆ గ్లాసు కడుగుతూ ఏడ్చాను. బ్యాండు లెక్కలన్నీ ఆయన ఫోనులోకి కూడా వస్తాయి, అక్కడ అడుగుల అంకె కిందనే గుండె అంకె ఉంటుంది. రెండు నెలలుగా రోజూ అక్కడే ఉంది. వేలితో ఒక్కసారి పైకి జరిపితే కనిపించేది. ఆయన ఒక్కరోజు కూడా జరపలేదు.

మర్నాడు శ్రేయను బడి ఆటో ఎక్కించి, ఆ చీటీ తీసుకుని బయల్దేరాను. "పొద్దుపొద్దున ఎటు పోతున్నవ్? వాడికి సూపు ఎవలు కాస్తరు?" అంది అత్తమ్మ.

"దవాఖానకు పోతున్న."

"ఎవలికి?"

"నాకు" అన్నాను. ఆ మాట అనడానికి కూడా ఆయాసం వచ్చింది.

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ నా కింది కనురెప్ప లాగి చూసి, రక్తం పరీక్షకు చెయ్యి చాపమంది. బ్యాండు విప్పి టేబుల్ మీద పెట్టాను. అది ఉన్నచోట చర్మం పాలిపోయి ఉంది. ఫలితం వచ్చాక ఆమె కోపంగానే అంది. "ఒంట్ల రక్తమే లేదమ్మా. ఇన్ని దినాలు ఎట్ల తిరిగినవ్? నాలుగు రోజులు గిక్కడనే ఉండాలె, రక్తం ఎక్కియ్యాలె. ఉంటవా? ఇంట్ల పని చూస్కోనీకి ఎవలన్న ఉన్నరా?"

"ఉంట మేడం. పనికి మా ఆయన ఉన్నడు" అన్నాను. "నా గుండెకు రాసిన సెలవు మీద ఇంట్లనే ఉన్నడు."