ఎసరు మసిలేలోపు

పదకొండో కంబం దగ్గర సమ్మమ్మకు కుడి డొక్కలో సూది దిగింది. రోజూ అక్కడే దిగుతుంది. ఆగలేదు. నోరు మూసుకుని ముక్కుతో గాలి లాగుతూ పన్నెండో కంబం మీదికి చూపు నిలిపింది. చీరకు గోచి బిగించి కొంగు నడుముకు చుట్టింది. కాళ్ళకు చనిపోయిన మొగుడి కాన్వాసు బూట్లు. రెండు సైజులు పెద్దవని ముందు భాగంలో గుడ్డపీలికలు కుక్కుకుంది. పట్టాల పక్క కాలిబాట మీద మంచు ఇంకా కరగలేదు. టెలిఫోను తీగల మీద కాకులు లేవలేదు.

ఇరవయ్యో కంబాన్ని అరచేత్తో చరిచి వెనక్కి తిరిగింది. నాలుగేళ్ళుగా రెండు పూటలా చరిచీ చరిచీ అక్కడ రంగు పోయి ఇనుము నున్నగా మెరుస్తోంది.

గేటు పక్క క్వార్టరు ముందు ఆమె అత్త భద్రమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. పొయ్యి మీద సిల్వరు గంజులో నీళ్ళు తెర్లుతున్నాయి. సమ్మమ్మ మోకాళ్ళ మీద చేతులానించి వంగి రొప్పుతుంటే ముసలిది తలెత్తలేదు.

"ఎసరు మసిలింది," అంది. జొన్నరవ్వ పోసి తెడ్డు తిప్పసాగింది.

పొద్దున గటకకు ఒకసారి, మాపటికి అన్నానికి ఒకసారి, ఆమె నోట వచ్చేది ఆ రెండు మాటలే.

మడికొండ బాట మీద గేటు అది. అప్పటికింకా ఒంటి లైను. గేటులో బండి ఏదైనా ఇరుక్కుంటే గేటు మనిషి ఎర్రజెండా పట్టుకుని పన్నెండు వందల మీటర్లు ఉరికి పట్టాల మీద మూడు పటాకాలు పెట్టాలి. ఇంజను చక్రం కింద అవి పేలితే డ్రైవరు బ్రేకు వేస్తాడు. ఇరవయ్యో కంబం దాకా ఉంటుంది ఆ దూరం. ఒంటి లైను కాబట్టి రెండు దిక్కులా పెట్టాలి.

నాలుగేళ్ళ కింద ఒక రోజు పత్తి బోరాల ఎడ్లబండి ఇరుసు విరిగి పట్టాల మధ్య కూలబడింది. స్టేషనుకు ఫోను పలకలేదు. గేటుమన్ గట్టయ్య పెళ్ళాం చేతిలో జెండా పెట్టి, "నువ్వటు ఉరుకు, నేనిటు ఉరుకుత," అన్నాడు. నీళ్ళ బిందెతో తప్ప నాలుగడుగులు వేగంగా వేసి ఎరగని సమ్మమ్మ మూడో కంబం దగ్గర చీర కాళ్ళకు చుట్టుకుని పడింది. లేచింది. ఊపిరి అందక మళ్ళీ కూలబడి, ఇక లేవలేకపోయింది. బండి ఆమె వైపు నుంచే వచ్చింది. కూర్చున్న చోటి నుంచే జెండా ఊపింది. బ్రేకులు కీచుమన్నాయి కానీ దూరం చాలలేదు. తన దిక్కు పటాకాలు పెట్టి వచ్చేసిన గట్టయ్య అప్పుడు ఎడ్ల మెడలకున్న పలుపులు కోస్తున్నాడు.

ఎడ్లు రెండూ బతికాయి.

దినాలయ్యాక మొగుడి ఉద్యోగం సమ్మమ్మకు ఇచ్చారు. కాగితం వచ్చిన మర్నాడు తెల్లారుజామున భద్రమ్మ పొయ్యి ముట్టించి గంజు పెట్టింది. "ఉరుకు. ఎసరు మసిలేలోపు రా," అంది. అంతకుముందు ఆమె కోడలిని "బిడ్డా" అని పిలిచేది. ఆ రోజు నుంచి ఏ పిలుపూ లేదు.

మొదటి వారం మూడో కంబం దాటలేకపోయింది. అక్కడికి పోగానే కాళ్ళు వాటంతట అవే ఆగిపోయేవి. పసరు కక్కుకుని వచ్చేది. నెలకు ఆరో కంబం. వానాకాలానికి తొమ్మిది. జ్వరంతో ఒకసారి, అరికాలిలో గాజుపెంకు దిగి ఒకసారి మానేసింది. మానిన రోజు కూడా గంజు వేళకు పొయ్యెక్కేది. ఎవరూ ఉరకని ఆ దూరానికి నీళ్ళు మసలడం పడుకుని వినలేక సమ్మమ్మ మూడో రోజుకు కుంటుతూనే లేచింది. మొదట భయంతో ఉరికింది, తర్వాత కోపంతో. ఇప్పుడు రెండూ లేవు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నీళ్ళు మసలకముందే వస్తే ముసలిది మళ్ళీ "బిడ్డా" అంటుందని ఆశ ఒకటి ఉంది. దానికి బలం లేదు, కానీ చావడం లేదు.

ఆరింటికి డ్యూటీ ఎక్కింది. ఎనిమిదింటికి, భుజాన సుత్తితో పట్టాల బిగింపులు చూసుకుంటూ నడిచే కీమన్ జానీ మియా వచ్చి గేటు దగ్గర బీడీ ముట్టించాడు.

"ఏం సమ్మక్కా, ఇయ్యాల ఎవలు తరిమిన్రు?"

"నీ పెండ్లాం. నువ్వు ఈడున్నవేమోనని దేవులాడుకుంట వచ్చింది."

జానీ మియా పగలబడి నవ్వాడు. తర్వాత పొయ్యి వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఒక్క మాట చెప్తా, ఫికర్ చేయకు. మీ అత్త గంజుల నీళ్ళు రోజు రోజుకు తక్కువ పోస్తాంది. నువ్వు జర తొందరగ వచ్చినకొద్దీ ఆమె జర తగ్గిస్తది. గట్లయితే నువ్వెప్పుడు గెలుస్తవక్కా?"

"ఎరికే," అంది సమ్మమ్మ. గంజు లోపల నీటి గీత ఏడాదికేడాది కిందికి జారడం తోముకునే మనిషికి తెలియకుండా ఉంటుందా?

మధ్యాహ్నం పాసింజరును పంపి, తిండి దగ్గర కూర్చున్నప్పుడు అడిగేసింది.

"నీళ్ళెందుకు తక్కువ పోస్తానవ్ అత్తా?"

భద్రమ్మ ముద్ద కలపడం ఆపలేదు. "బండి నీ కోసం ఆగుతదా?"

"నా సాతనైనకాడికి ఉరుకుతాన గదా."

"వాడు సుత సాతనైతదనే నమ్మిండు." ముసలిది మొదటిసారి కొడుకు మాట ఎత్తింది. "నువ్వున్నవని ఆ దిక్కు మర్లి సూడలే."

సమ్మమ్మ కంచంలో చేయి కడిగేసుకుంది. ఎండలో గేటు కర్ర పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఈ పూట ఉరకనని అనుకుంది. ఎన్ని కంబాలు దాటినా మూడో కంబం దగ్గరే కూర్చుని ఉన్నానని అనుకుంది.

సాయంత్రం మేడారం జాతరకు పోయే ఎడ్లబండ్లు రెండు వచ్చి గేటు పడి ఆగాయి. ముందు బండిలోని ఆడమనిషి, "అవ్వా, సమ్మక్క తల్లికాడికి వస్తవా?" అని కేకేసింది. భద్రమ్మ గోడ పట్టుకుని లేచి, ఉట్టిలోంచి బెల్లం గడ్డ తీసుకుని బండి దాకా నడిచింది. తల్లికి ముట్టజెప్పమని ఆమె చేతిలో పెట్టి, ఎవరి పేరు మీదనో చెప్పింది. సరిగ్గా అప్పుడే గూడ్సు వచ్చింది. పచ్చజెండా చాచి నిలబడిన సమ్మమ్మకు ముసలిదాని పెదవులు కదలడం కనిపించింది. మాట వినిపించలేదు. నలభై డబ్బాలు పోయేసరికి భద్రమ్మ తిరిగొచ్చి ఛాతీ రుద్దుకుంటూ పొయ్యి దగ్గర కూర్చుంది.

ఆరింటికి రాత్రి గేటుమన్ ఎల్లస్వామి వచ్చాడు.

"ఇయ్యాల సుత ఉరుకుడేనా వదినా? జాతర దాక ఉరికినా గిన్ని మైళ్ళు గావు."

సమ్మమ్మ జెండాలు అతని చేతికిచ్చింది. పొయ్యి మీద గంజు పెట్టే ఉంది. భద్రమ్మ ఒళ్ళో బియ్యం చాట పెట్టుకుని రాళ్ళు ఏరుతూ ఉంది. ఉరకను అనుకున్న మనిషి గోచి బిగించింది. బూట్ల తాళ్ళు కట్టుకుంది. ముసలిది పుల్లలు ఎగదోసి, "పో," అంది.

ఉరికింది. మూడో కంబాన్ని చూడకుండా దాటింది. పదకొండో కంబం దగ్గర సూది దిగలేదు. ఎందుకు దిగలేదో ఆలోచించలేదు. ఇరవయ్యోదాన్ని చరిచి తిరిగేసరికి కాళ్ళ కింద నేల తనంతట తానే వెనక్కి పోతోంది. నలభై రెండేళ్ళ ఒంట్లో ఇంత గాలి పడుతుందని ఆమెకు ఎన్నడూ తెలియదు. గేటు దీపం దగ్గరైంది. చెవి పొయ్యి మీదే పెట్టి వాకిట్లోకి వచ్చింది.

చప్పుడు లేదు.

గంజు మీద ఆవిరి లేదు.

"అత్తా," అంది రొప్పుతూ. నవ్వు వస్తోంది. "అత్తా, ఎసరింక మసలలే! సూడు!"

భద్రమ్మ గోడకు ఆనుకుని ఉంది. గడ్డం ఛాతీ మీదికి వాలింది. ఒళ్ళోని చాట ఒక పక్కకు ఒరిగి బియ్యం నేల మీదికి జారాయి. వేళ్ళ మధ్య ఒక రాయి ఉంది, ఏరినది, ఇంకా పారేయనిది. సమ్మమ్మ ఆమె భుజం మీద చేయి వేసింది. ముసలిది పక్కకు ఒరిగింది.

అప్పుడు చూసింది పొయ్యి వైపు. పుల్లలు ఎగదోసేవాళ్ళు లేక కొసల దాకా కాలి, బూడిదలో చల్లారిపోయాయి.

"ఏమైంది వదినా?" గేటు దగ్గర నుంచి ఎల్లస్వామి అరిచాడు. ఏడింటి పాసింజరు వచ్చే వేళ. అతను గేటు విడిచి రాలేడు. బండి వచ్చింది. కిటికీల వెలుతురు పొయ్యి మీదా, ముసలిదాని పాదాల మీదా, పెద్ద బూట్ల మీదా వరసగా పారి పోయింది.

ఆ వెలుతురులోనే ఆమెకు గంజు లోపల కనిపించింది. నీటి గీత అడుగున లేదు. ఇద్దరి అన్నానికి ఎన్నడూ అక్కర పడనన్ని పోసి ఉన్నాయి. అందుకే మసలలేదో, మంట ఆరినందుకే మసలలేదో చెప్పగల మనిషి లేదు.

చీకట్లో గంజు పొయ్యి మీదే ఉంది, మెడ దాకా నీళ్ళతో, గోరువెచ్చగా.