ఘియాసుద్దీన్ కనిపెట్టిన గడ్డ

2011 ఎండాకాలంలో ఒక బుధవారం పొద్దున, శంషాబాద్‌లోని తన సెలూన్‌లో గోవర్ధన్‌కు గడ్డం గీస్తూ ఘియాసుద్దీన్ చెయ్యి ఆపాడు. గోవర్ధన్ ఎయిర్‌పోర్టుకు బస్సు నడిపే డ్రైవరు. బుధవారం అతనికి సెలవు. పద్నాలుగేళ్లుగా ఆ రోజు అతని గడ్డం ఘియాసుద్దీన్‌దే.

“అన్నా, చెవి కింద ఇదేంది? కుంకుడుగింజంత గడ్డ. నెల సంది చూస్తున్న, తగ్గుతలేదు.”

“కొవ్వుంటది భాయ్. జర పైపైన గీయి.”

“నొస్తదా?”

“లేదు.”

“అయినా దవాఖానల చూపియ్యి.”

గోవర్ధన్ సరేనని మూడు వారాలు దాటేశాడు. నాలుగో బుధవారం ఘియాసుద్దీన్ కుడి చెంప నున్నగా గీసి, కత్తి కింద పెట్టాడు.

“రెండో దిక్కు డాక్టర్ చూసినంకనే.”

గోవర్ధన్ బతిమాలాడు, తిట్టాడు. ఇంట్లో బ్లేడు లేదు. సగం గడ్డంతో ఇంకో సెలూన్ ఎక్కడానికి సిగ్గేసింది. చివరికి మొహానికి తువ్వాలు చుట్టుకుని సిటీలో దవాఖానకు వెళ్లే బస్సెక్కాడు. మధ్యలోనే దిగి తప్పించుకుంటాడేమోనని ఘియాసుద్దీన్ షాపు మూసి వెంట వెళ్లాడు.

డాక్టర్ కళ్యాణిది విజయవాడ. ఆమె గడ్డను నొక్కి చూసి, “ఇది లాలాజల గ్రంథిలో గడ్డండీ. సన్న సూదితో కొన్ని కణాలు తీసి చూద్దాం” అంది.

ఆ సాయంత్రమే ఘియాసుద్దీన్ మాట ప్రకారం రెండో చెంప గీశాడు. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. గోవర్ధన్ లేచి దండం పెట్టబోయాడు.

“కూర్చోండి. అయినా ఆపరేషన్ చేసి తీసెయ్యాలి.”

“మంచి గడ్డే అంటిరి. మల్ల తీసుడెందుకు మేడమ్?” ఘియాసుద్దీన్ అడ్డం వచ్చాడు.

“వదిలేస్తే పెరుగుతుంది. ఇలాంటివి కొన్ని ఏళ్లు గడిచాక చెడ్డగా మారొచ్చు. పైగా సూదికి గడ్డంతా అందదు, ఏదో ఒక మూల నుంచే కణాలు వస్తాయి. ఆ పరీక్ష వందలో తొంభై సార్లు సరిగ్గా చెబుతుంది.”

“మిగిలిన పది?”

“అందుకేగా గడ్డంతా తీసి పరీక్షిస్తామనేది.”

ఘియాసుద్దీన్‌కు ఇది నచ్చలేదు. “నేను వంద గొంతులు గీస్త మేడమ్. తొంభై మంచిగ గీసి పది కోస్తె, నా షాపుకు ఎవడన్న వస్తడా?”

డాక్టరుకు నవ్వాగలేదు. “గొంతు మీకు ఎదురుగా కనబడుతుంది. గడ్డ మాకు చర్మం లోపలుంటుంది.”

తిరుగు బస్సులో ఘియాసుద్దీన్ పది వేళ్లూ మడిచి తెరుస్తూ కూర్చున్నాడు. అది చూసి గోవర్ధన్‌కు భయం వేసింది.

ఇంకో పది రోజులకు ఆపరేషన్ అయింది. లోపల మూడు గంటలు పట్టింది. బయట గోవర్ధన్ భార్య అరుణ తలుపు వైపే చూస్తూ కూర్చుంటే, ఘియాసుద్దీన్ మాత్రం తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ సూది పరీక్ష ఎక్కడ తప్పుతుందో వివరిస్తూ తిరిగాడు. ఒక ముసలాయన అతన్నే డాక్టరనుకుని తన మోకాలు చూపించాడు.

అయిదో రోజు, తీసిన గడ్డను పరీక్షించిన రిపోర్టు పట్టుకుని కళ్యాణి వార్డుకు వచ్చింది.

“క్యాన్సర్ లేదు. కాకపోతే సూది పరీక్షలో ఒక రకం గడ్డ అని వచ్చింది. ఇది ఇంకో రకం. ఇదీ మంచిదే.”

“చెప్పిననా! సూది తప్పు జేసింది!” ఘియాసుద్దీన్ ఎగిరి గంతేశాడు.

“గడ్డ పేరు తప్పింది. మంచిదన్న మాట తప్పలే. ఇగ కూసో భాయ్” అంది అరుణ.

“తప్పిందని గింత ఖుషీ ఏంది నీకు?” కట్ల మధ్య నుంచి గోవర్ధన్ గొణిగాడు.

ఘియాసుద్దీన్ కూర్చున్నాడు. “ఆ పది మందిల నువ్వుంటవేమోనని, పదిహేను దినాల సంది బువ్వ సక్కగ తినలే అన్నా.”

గోవర్ధన్ అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

గడ్డ పక్కనుంచే మొహాన్ని కదిలించే నరం పోతుందని, కొన్నాళ్లు మూతి వంకర పోవచ్చని డాక్టర్ ముందే చెప్పింది. అలాగే అయింది. డ్యూటీలో చేరిన వారానికే డిపోకు ఒక ఫిర్యాదు వచ్చింది: ‘బస్సు ఎందుకు ఆలస్యమైందని అడిగితే డ్రైవరు వెక్కిరించాడు.’ మేనేజరు పిలిపించాడు. గోవర్ధన్ క్షమాపణ చెప్పబోయాడు. మూతి మళ్లీ ఒక పక్కకే లేచింది.

మేనేజరు అతన్ని ఎగాదిగా చూసి, “నన్ను సుత ఎక్కిరిస్తున్నవా?” అన్నాడు. తర్వాత చెవి కింద కుట్ల గీత కనబడింది. ఆయనే కుర్చీ జరిపి, చాయ్ తెప్పించాడు.

రెండు నెలలకు మూతి సర్దుకుంది.