పచ్చికర్ర కామ

"గొడ్డలేదీ?" అని భర్త వాకిట్లోంచి కేక వేసేసరికి పెద్దకోడలి చేతిలో గిన్నె జారి తొట్టిలో పడింది. గాలికి పొలం గట్టు మీది చెట్టొకటి విరిగి మురుగుకాలువకు అడ్డంగా పడింది. ఆకాశమేమో ఉరుముతోంది. మళ్ళీ వాన కురిసేలోపు ఆ చెట్టు నరికి తీయకపోతే నీళ్ళు వెనక్కి తన్ని పైరంతా మునిగిపోతుంది. ఇంటిల్లిపాదీ పరుగుల మీదున్నారు. ఆమె గుండె కొట్టుకుంటున్నది మాత్రం పైరు గురించి కాదు, ఆ గొడ్డలి గురించి.

దాని కామ, అదే చేతిపిడి, పచ్చికర్రది. పచ్చికర్ర ఎండితే సన్నబడుతుంది, బెజ్జంలో వదులవుతుంది. వదులైన గొడ్డలి ఎగిరి ఎవరి నెత్తిన పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఆమెకు ఇదంతా తెలుసు, ఎందుకంటే ఆ కామ వేసింది ఆమే. ఆ సంగతి మామగారికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

కామలు వెయ్యడంలో మామగారి పేరు చుట్టుపక్కల పొలాలన్నిటా మోగిపోయేది. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన కోడల్ని పశువులపాక వెనక్కి పిలిచి బాడిసె ఆమె చేతికిచ్చారు. మొదట్లో "అక్కడ చెక్కు, ఇక్కడ ఆపు" అని ఆయన చెబుతుంటే చేసింది. పోనుపోను చెప్పాల్సిన పనే లేకపోయింది. కర్ర చెక్కడం, గాజుపెంకుతో నున్నగా గీకడం, బెజ్జంలోకి చీలిక దిగ్గొట్టడం అన్నీ ఆమే. వాకిట్లో దర్జాగా కూర్చుని ఎవరి పనిముట్టు వాళ్ళకు అందించడం మాత్రం ఆయన. సొమ్మొకడిది, సోకొకడిది. "మీ చేతి కామ పడితే అరచేతిలో బొబ్బ లేవదండీ" అని వచ్చినవాళ్ళు మెచ్చుకుంటుంటే, ఆ మాట ఇంకోసారి చెవిన పడుతుందేమోనని ఆమె ఎవరూ అడక్కుండానే మంచినీళ్ళు పట్టుకుని వాకిట్లోకి వచ్చేది. భర్తేమో భోజనం దగ్గర కూర్చుని, "రోజంతా ఇంటిపట్టునే కదా ఉంటావు, ఏం ఊడబొడుస్తుంటావు?" అనేవాడు. ఆమె చీరకు అంటుకున్న చెక్కపొట్టు దులుపుకుని ఇంకో గరిటె కూర వడ్డించేది.

ఈ గొడ్డలి దగ్గరికి వచ్చేసరికి కామలకని ఎండబెట్టి ఉంచిన కర్ర అయిపోయింది. మామగారు అప్పుడే కొట్టిన కొమ్మ తెచ్చి, చుట్టమెవరో తన పనితనం చూడ్డానికి వస్తున్నాడు, సాయంత్రానికల్లా వేసెయ్యమన్నారు. "పచ్చిది మామయ్యగారూ, ఆగదు" అంది. "ఎండేలోపు మార్చేద్దాంలే అమ్మాయ్, నా మాట పోతుంది" అన్నారు. చుట్టం వచ్చాడు, చూశాడు, పోయాడు. కామ మాత్రం మారలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఇప్పుడు చెప్పులేసుకుంటున్న మామగారి దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి, "మీరైనా చెప్పండి" అంది.

"నిన్న తొట్లో నానేశాగా, ఉబ్బి బిగిసింది. ఇవాళ్టికి ఆగుతుంది. నువ్వు నోరు మెదపకు. ఈ వయసులో నా పరువు తీయకు" అని ఆయన గబగబా గట్టు మీదికి నడిచారు.

పొలం ఇంటి వెనకే. దెబ్బలు వంటింట్లోకి వినిపిస్తున్నాయి. భర్త నరుకుతున్నాడు. మరిది పారతో కాలువలో మట్టి తోడుతున్నాడు. తోడికోడలు నరికిన కొమ్మల్ని వంగి ఇవతలికి లాగుతోంది, సరిగ్గా గొడ్డలికి ఎదురుగా. ఆ పిల్ల వంగినప్పుడల్లా ఆమె చేతిలో పని ఆపి కిటికీలోంచి చూస్తోంది. చెప్పకపోతే ప్రాణం మీదికొస్తుంది. చెబితే? ఇన్నేళ్ళూ బాగా కుదిరినవన్నీ ఆయనవిగానే ఉండిపోతాయి, తనదని నలుగురికీ తెలిసేది చెడిపోయిన ఈ ఒక్కటే. అవతల ఒక మనిషి నెత్తిన కత్తి వేలాడుతుంటే తను ఇలా లెక్కలు చూసుకుంటున్నందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అంతలో దెబ్బ మోత మారింది. ఖణీమనాల్సింది డొల్లగా వినిపించింది. ఆ తేడా ఏమిటో ఆమెకు తెలుసు. చేతిలోది పడేసి పరుగెత్తింది.

"ఆపండి! గొడ్డలి దించండి! నువ్వు పక్కకి రావే!"

తోడికోడలు బెదిరిపోయి పక్కకి జరిగింది. భర్త ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే ఆపి, "ఏం, కొంపలంటుకున్నాయా?" అన్నాడు.

"కామ వదులైంది."

"నాన్న వేసిన కామ వదులవడమేమిటే?"

"మామయ్యగారు వెయ్యలేదండీ. నేను వేశాను. పచ్చికర్రతో వేశాను."

మరిది ఫక్కున నవ్వాడు. భర్త కూడా నవ్వుతూ, ఎంత గట్టిగా ఉందో చూపించడానికి గొడ్డలి ఊరికే ఓసారి విసిరాడు. ఇనుము కామని వదిలేసి వెళ్ళి, తోడికోడలు అంతకుముందు నిలబడ్డ చోట బురదలో దిగబడింది. ఆ పిల్ల ఉన్నచోటే కూలబడిపోయింది.

"ఆడదాని చేతికి పనిముట్టు ఇస్తే ఇంతే" అన్నాడు భర్త, ముఖంలో నెత్తురుచుక్క లేకుండా.

"నేనప్పుడే చెప్పాను, పచ్చికర్ర వద్దని" అన్నారు మామగారు, పైరు వంక చూస్తూ.

ఆయన ఊరుకుంటారనుకుంది. ఊరుకున్నా సహించేది. ఆ మాటతో ఆమెకు ఒళ్ళు భగ్గున మండింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చినుకులు మొదలయ్యాయి. "ఇప్పుడిదంతా ఎందుకు! నాన్నా, తొందరగా ఇంకో కామ వెయ్యి" అన్నాడు భర్త. అందరూ మామగారి వంక చూశారు. ఆయన మాత్రం కోడలి వంక చూశారు. మెల్లగా, "పద అమ్మాయ్, పాక దగ్గరికి వెళ్దాం" అన్నారు.

ఆమె బురదలోంచి గొడ్డలి తీసి కొంగుతో తుడిచి, అక్కడే, అందరి మధ్యా, నరికిన మొద్దు మీద కూర్చుంది.

"పాక దగ్గరికి ఎందుకు మామయ్యగారూ? ఇక్కడే వేస్తాను" అంది. తర్వాత భర్త వైపు తిరిగింది. "అటక మీద పాత మంచం పట్టె ఉంది. అది ఎండిన కర్ర. దాన్నీ బాడిసెనీ పట్టుకురండి."

పెళ్ళయినప్పటినుంచీ భర్తకు ఆమె ఒక పని చెప్పడం అదే మొదలు.