గెంగ్ పేరు చెక్కిన మీట

మా మామగారి పేరు గెంగ్. షియాన్యాంగ్ నగరం అంచున, రాజుగారి ఆయుధశాలలో పనిచేసేవారు. కర్రకు అడ్డంగా బిగించిన అడ్డవిల్లులో నారిని పట్టి ఉంచి వదిలే కంచు మీట ఉంటుంది చూడండి, అది ఆయన పని. చేసినవాడి పేరు దాని మీద చెక్కాలని చట్టం. మీట బిగుసుకుపోయినా, విరిగినా ఆ పేరు చూసి మనిషిని వెతుక్కుంటూ వచ్చేవారు. మొదటి తప్పుకు కొరడా, రెండో తప్పుకు కాలు. మా వీధిలో కర్ర ఊతతో నడిచేవాళ్ళు ఎంతమందో!

మా రాజు ఆరు రాజ్యాలనూ మింగి చక్రవర్తి అయిన ఏడు నేను పదకొండేళ్ళ పిల్లను. ఈ వంశం పదివేల తరాలు ఏలుతుందని డప్పు కొట్టి చాటారు. పదిహేనేళ్ళు ఏలింది. ఆ పదిహేనేళ్ళూ మేము భయపడుతూనే తిన్నాం, భయపడుతూనే కాపురాలు చేశాం. ఐదేసి ఇళ్ళను ఒక కట్టగా కట్టారు. ఒక ఇంట్లో తప్పు జరిగితే, తెలిసీ చెప్పనందుకు మిగతా నాలుగిళ్ళకూ శిక్షే.

పాప నా కడుపులో ఉండగానే నా మొగుణ్ణి ఉత్తరాన గోడ కట్టడానికి తోలుకుపోయారు. ఆ ఏడే మామగారి చూపు మసకబారింది. ఆ సంగతి పైకి తెలిస్తే కూలికిచ్చే గింజలు ఆపేస్తారు, అదివరకు చేసినవన్నీ తిరగదోడతారు. ఆకురాయి పట్టే పనికి మీటలు ఇంటికి తెచ్చుకోనిచ్చేవారు గనుక బతికిపోయాం. మూడేళ్ళపాటు నేనే రుద్దాను, నేనే ఆయన పేరు చెక్కాను. నాకు చదువు రాదు, ఆ ఒక్క అక్షరమే వచ్చు. ఆడది ఆయుధం ముట్టిందని తెలిస్తే మా ఐదిళ్ళూ ఉండేవి కావు. నా ఉలి మోగినప్పుడల్లా పక్కింటి షీ పిన్ని తన వాకిట్లో రోకటిపోటు పెంచేది. ఎందుకని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

చక్రవర్తి పోయాడు. కొడుకొచ్చాడు, అతడూ పోయాడు. తూర్పున చూ దేశం వాళ్ళు తిరగబడి, కొండలు దాటి మా మీదికి వచ్చిపడ్డారు. రాజభవనాలకు నిప్పు పెడితే నెలల తరబడి కాలాయి. ఆరేసిన బట్టలు తీసేసరికి నల్లబడేవి. ఆ బూడిదలో షీ పిన్ని పరిగెత్తుకొచ్చింది.

"ఏమే యువాన్, చచ్చాం! చూ వాళ్ళు మీటలు చేతపట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారే. వాళ్ళ వాళ్ళను చంపిన విళ్ళవట. పేరు చదివించుకుని మరీ చంపుతున్నారు."

"శాలలో మేస్త్రీ, అధికారీ కూడా తమ పేర్లు కొట్టిస్తారుగా పిన్నీ?"

"వాడు ముందే గోడ దూకాడు. అధికారి ఆడవాళ్ళ బండిలో దూరి పారిపోయాడు. ఇక మిగిలింది మీ మామే."

ఆ పూటంతా ఇద్దరం మామగారికి అబద్ధం నేర్పాం. గెంగ్ గోడ దగ్గర చచ్చిపోయాడు, నేను అతని తమ్ముణ్ణి. అంతే చెప్పాలి.

"ఏదీ, చెప్పండి మామయ్యా."

"గెంగ్... చచ్చిపోయాడు." ఆగారు. "ఏ నెలలో?"

"ఏదో ఒక నెలలో!" పిన్ని నెత్తి కొట్టుకుంది. "నీ చావు తారీఖు నీకెందుకయ్యా పెద్దాయనా?"

"అడుగుతారమ్మా. పై అధికారులు నెల అడుగుతారు."

మర్నాడు పొద్దున ముగ్గురు వచ్చారు. ముందున్నవాడు కుర్రవాడే, బుగ్గ మీద పచ్చిగాయం. తెచ్చిన మీటను మా గడప మీద టంగుమని పడేశాడు. పాపను ఎత్తుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాను. నాకు అక్కడినుంచే కనబడింది. కంచు ఇంకా మెరుస్తోంది, ఏడాదిది కూడా కాదు. అంటే నాదే.

"ఇది ఎవరి పని?"

నెలనెలా తనిఖీలో అడిగేదీ ఈ మాటే, ఈ గొంతుతోనే. మామగారు గభాలున లేచి, మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకు ఆనించారు.

"నా పనే దొరా. నా పేరు గెంగ్."

నేర్పినదంతా మట్టిపాలైంది. గోడ అవతల పిన్ని రోకలి ఆగిపోయింది.

కుర్రవాడు వంగి ఆయన కళ్ళలోకి చూశాడు. మొహం ముందు చెయ్యి ఊపాడు. ఆయన రెప్ప కదల్లేదు.

"నువ్వా? నీకు నా చెయ్యే కనబడదు. ఇంత సన్నపని నువ్వు చేశావా? మా అన్న గొంతులో దిగింది దీని బాణం. నాకు వీడో వాడో ఎవడో ఒకడు వద్దు ముసలాడా. చేసినవాడే కావాలి."

మామగారు గడప తడిమి మీట అందుకున్నారు. బొటనవేలితో అంచులు చూశారు. "నారి ఆనే పంటికి మూడుసార్లు రాయి పట్టాను. ఇక్కడ కాస్త లోతెక్కువైంది. తొందరలో అయింది" అన్నారు. నిజమే. ఆ రోజు పాప ఏడుస్తుంటే తొందరపడ్డాను. ఆయన వేలికి అదంతా తెలిసిపోయింది.

కుర్రవాడు నా వైపు తిరిగాడు. "ఏమమ్మా, నిజమేనా? ఇతనేనా చేసింది?"

పాప నా జుట్టు పట్టుకుని లాగుతోంది. వాడి కత్తి ఒరలోంచి జానెడు బయటికి ఉంది. మామగారు తల నా వైపు తిప్పలేదు.

"ఆయనే" అన్నాను.

ఇద్దరు ఆయన రెక్కలు పట్టి లేపారు. గడప దాటుతూ ఆయన ఆగారు.

"అమ్మాయ్, గంజి మాడుతున్న వాసన వస్తోంది. పొయ్యి దగ్గరే ఉండు. బయటికి రాకు."

ఉన్నాను. కొర్రగంజిని గరిటెతో తిప్పుతూనే ఉన్నాను. వీధిలో అడుగుల చప్పుడు మలుపు దాకా వినిపించింది. పిన్ని లోపలికి వచ్చి పాపను నా చంకలోంచి తీసుకుంది. పొయ్యి కింద కట్టెలన్నీ ఆరిపోయాక కూడా నేను గరిటె వదల్లేదు.