జింకల మడి

వసుమతి బాపట్ల అగ్రికల్చర్ కాలేజీలో గోల్డ్ మెడల్ కొట్టిన మనిషి. ఆ మెడల్ ఆరేళ్లుగా ఫార్మింగ్టన్ హిల్స్‌లో, ఇంటి బీరువాలో పట్టుచీరల కింద పడి ఉంది. ఉద్యోగాలకి పెట్టిన అప్లికేషన్లకి లెక్కలేదు. అందరూ మర్యాదగానే కాదన్నారు. ఆ పరాయి దేశంలో మర్యాదకేం కొదవ!

మొగుడు జగదీష్ కార్ల కంపెనీలో ఇంజినీరు. బాసు డన్‌హామ్ ఎదురుపడితే చాలు, వెన్నెముక లేనట్టు వంగిపోతాడు. ఎనభై మూడు ఏప్రిల్‌లో ఓ సాయంత్రం ఆఫీసు నుంచి గంతులేస్తూ వచ్చాడు.

"వసూ, నీ దశ తిరిగింది! డన్‌హామ్‌కి నార్త్‌లో ల్యాండ్ ఉంది. అందులో హాఫ్ ఎకర్‌లో జింకల కోసం ఏదైనా పండించాలట. ఆయన ఏం వేసినా మొలవడం లేదు. నువ్వు పండించి, జింకలు అలవాటుగా వచ్చేలా చేస్తే వాళ్ల బావమరిది సీడ్ కంపెనీలో నీకు జాబ్. ప్రామిస్ చేశాడు."

"జింకలకి తిండి పెడతాడా! ఎంత మంచి మనిషండీ."

పాపం, ఆమెని తప్పుపట్టడానికి లేదు. పిచ్చుకల కోసం వసారాలో వరికంకుల కుచ్చు వేలాడదీసే ఇంట్లో పుట్టింది. పెట్టడమంటే పెట్టడమే అనుకుంది. జగదీష్‌కి మాత్రం సంగతంతా తెలుసు. తెలిసీ నోరు కుట్టేసుకున్నాడు.

మే నెల నుంచి ప్రతి శుక్రవారం మూడు గంటలు డ్రైవ్ చేసి వెళ్లేవాళ్లు. ఆమె మట్టి పరీక్ష చేయించింది. ఇసుక నేల, పైగా ఆమ్లం ఎక్కువ. సున్నం చల్లించింది. ముందు క్లోవర్ గడ్డి, ఆగస్టులో ముల్లంగిలాంటి టర్నిప్ వేసింది. టర్నిప్ ఆకు మంచు తగిలేదాకా చేదు, జింక పెద్దగా ముట్టదు. మంచు పడ్డాక తియ్యబడుతుంది. చలికి అడవిలో మేత కరువయ్యే వేళకి సరిగ్గా అందుతుంది.

"అంటే నవంబరుకా?" అని డన్‌హామ్ రెండుసార్లు అడిగాడు. ఎంత జాలిగుండె అనుకుందీ పిచ్చిది.

చిరిగిన చెవి ఉన్న ఓ కుర్ర మగజింక ఆమెకి బాగా మాలిమి అయింది. పొలం గట్టున నిలబడి, దూడని పిలిచినట్టు "దా, దా" అని ఆపిల్ ముక్కలు విసిరేది. మొదట్లో అది చెట్ల చాటునుంచే చూసేది. అక్టోబరుకల్లా ఆమె గొంతు వినగానే పది గజాల దూరానికి వచ్చేది. పిల్లల్లేని ఆ మనిషికి అదొక సంబరం.

సెప్టెంబరులో డన్‌హామ్ పొలం చివర మంచె కట్టించాడు. వసుమతికి నవ్వొచ్చింది. మంచె అంటే ఆమెకి తెలిసింది ఒకటే: పైకెక్కి కేకలేసి, వడిసెలతో రాళ్లు విసిరి పొలంమీద పడ్డవాటిని తోలేది. "పంట వేసిందే వాటికి కదండీ, ఇంక కాపలా దేనికి?" అంది. "ఫొటోలు తీసుకోడానికి" అన్నాడు జగదీష్, తడుముకోకుండా.

నవంబరు పదిహేను పొద్దున్నే పొలం పక్కనున్న చెక్క క్యాబిన్‌లో వసుమతి కళ్లు తెరిచేసరికి నలువైపులా తుపాకులు పేలుతున్నాయి. కిటికీలోంచి చూస్తే, మంచెమీద వేటగాళ్ల నారింజరంగు కోటు, ఒళ్లో తుపాకీతో డన్‌హామ్. అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అక్కడ ఏటా జింకల వేట మొదలయ్యే రోజది.

రెండు గంటలైనా పొలంలోకి ఒక్క జింకా రాలేదు. జగదీష్ క్యాబిన్‌లోకి పరిగెత్తుకొచ్చాడు.

"వసూ, ఒక్కసారి వచ్చి పిలువు. నీ గొంతుకైతే ఆ చిరిగిన చెవిది వస్తుంది."

"మీరు మనిషేనా? మొదట్నుంచీ తెలుసు కదూ?"

"చెబితే నువ్వు పండించేదానివా? ఆయన ఊరికే తిరిగెళ్తే నీ జాబ్ పోతుంది. అపాయింట్‌మెంట్ లెటర్ కోటు జేబులోనే పెట్టుకొచ్చాడు, నేను చూశాను. ఆరేళ్లు ఏడ్చావు. ఇంకో ఆరేళ్లు ఏడుస్తావా?"

ఆమె బూట్లు తొడుక్కుని, జేబులో ఎప్పుడూ ఆపిల్ ముక్కలుండే కోటు వేసుకుంది. వెళ్తాను, వెళ్లి మా ఊరి మంచెమీద కాపలావాళ్లు కేకేసినట్టు గొంతు చించుకుని కేకేస్తాను, అడవిలో ఉన్నవన్నీ పది మైళ్లు పారిపోవాలి అనుకుంది. నిజంగానే అనుకుంది. అందులో అబద్ధం లేదు.

గట్టున నిలబడింది. చెట్ల మధ్య చిరిగిన చెవి కదిలింది. అది ఆమెనే చూస్తోంది. అటూ ఇటూ తుపాకుల చప్పుళ్లకి బెదిరి ఉంది, ఒక్క అరుపు చాలు. వసుమతి నోరు తెరిచింది. బీరువా, పట్టుచీరల కింద మెడల్, రేపూ ఎల్లుండీ కూడా అదే వంటిల్లు గుర్తొచ్చాయి. తనమీద తనకే అసహ్యమేసింది.

"దా" అంది. "దా, దా."

వచ్చింది. నమ్మకంగా, మెడ సాచి, ఆపిల్ కోసం ఆమె చేతులవైపు చూస్తూ వచ్చింది. పక్కకి తిరిగి టర్నిప్ ఆకు ఒక్కటి కొరికింది. తుపాకీ పేలింది.

డన్‌హామ్ మంచె దిగి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. మాట తప్పే మనిషి కాదు, లెటర్ చేతిలో పెట్టాడు. వసుమతి దాన్ని మడిచి, ఆపిల్ ముక్కలున్న జేబులోనే పెట్టుకుంది.

జింక ఇంకా కాళ్లు కొట్టుకుంటోంది. నోట్లో సగం నమిలిన ఆకు. ఆమె వంగి ఆ ఆకు లాగి, వేళ్లతో నలిపి చూసింది. ఈనె ముదిరిపోయింది.

"ఊరుకో వసూ, ఏడవకు" అన్నాడు జగదీష్, భుజంమీద చెయ్యేసి.

"ఏడవడం లేదు. పది రోజులు ముందే వేసినట్టున్నాం" అందామె. "వచ్చే ఏడు ఇంకాస్త లేటుగా వేద్దాం."