చెప్పకూడని పన్నెండు అంకెలు

ఆసుపత్రి వెనక సందులో ఆక్సిజన్ మిషన్లు బాగుచేసే ఆవిడను అందరూ మిషనమ్మ అనేవారు. యాభై ఏళ్ళు దాటిన మనిషిని అలా పిలవడమేమిటని ఆవిడ ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. ఆవిడ అభ్యంతరాలన్నీ వేరేవాటి మీద.

ముఖ్యంగా తాళం మీద. ఊపిరి సరిగా అందనివాళ్ళు ఇంట్లో పెట్టుకునే ఆ మిషను మంచం పక్కన చిన్న బీరువాలా నిలబడి ఉంటుంది. గదిలోని గాలిని లాక్కుని, ఆక్సిజన్‌ను వేరుచేసి, గొట్టంలోంచి ముక్కుకు పంపుతుంది. దానిలో ఫిల్టరు మార్చినా, వాల్వు మార్చినా వెంటనే మూతి బిగించుకు కూర్చుంటుంది. తెరమీద పన్నెండు ఖాళీ గడులు వస్తాయి. ఆ గడుల్లో పన్నెండు అంకెలు నొక్కితే తప్ప మళ్ళీ గాలి వదలదు. ఆ అంకెలు కంపెనీ మనుషులకే తెలుసు. పాత మోడళ్ళ కోసం తాము ఇక రామనీ, కొత్తవి కొనుక్కోమనీ కంపెనీ నిరుడే చెప్పేసింది. అంటే మిషను నిక్షేపంగా ఉన్నా, కొత్త వాల్వు వేసినా, పన్నెండు అంకెలు తెలియక మనిషి ఊపిరాడక పోవాలన్నమాట. పైగా దీనికి భద్రత అని పేరు.

మిషనమ్మకు చిర్రెత్తుకొచ్చింది. పదకొండు ఆదివారాలు కొట్టు తలుపులు వేసుకుని కూర్చుంది. ఒక పాడైన మిషను లోపలి బోర్డుకు తీగలు తగిలించి, చిప్పులో దాచిందంతా చదివి, ఆ నంబరును బయటికి లాగింది. తీరా చూస్తే అన్ని మిషన్లకూ అదే నంబరు. లక్ష ఇళ్ళకు ఒకే తాళంచెవి చేసి దొంగల భయమంటున్నారా అని ఆవిడ కొట్లో ఒక్కర్తే పడీ పడీ నవ్వింది.

అప్పటినుంచి ఎవరొచ్చినా పాడైన భాగం మార్చి, నంబరు చీటీ మీద రాసి చేతిలో పెట్టేది. ఆ చీటీలు నలభై ఇళ్ళకు చేరాయి. నంబరు నొక్కిన ప్రతిసారీ మిషను ఆ కబురును కంపెనీకి చేరవేస్తుందని ఆవిడకు తెలుసు. తెలిసే ఇచ్చింది.

యంత్రాల తాళాల చట్టమని ఒకటుంది. తాళం తీసే నంబరును పలికినా, రాసినా, ఇంకొకరికి అందించినా ఆ చట్టం కింద నేరమే. ఒక మధ్యాహ్నం కానిస్టేబులు కోర్టు కాగితం పట్టుకుని ఇంటికే వచ్చాడు. ఆ నంబరు పలకననీ, రాయననీ, ఏ మిషనులోనూ నొక్కననీ, మాట తప్పితే ఆరు నెలలు జైలుకు వెళ్తాననీ ఆవిడచేత సంతకం చేయించుకున్నాడు. సంతకం పక్కన గ్రీజు మరక పడింది. ఆవిడ అప్పుడే తన అక్క మిషనులో వాల్వు మార్చి మూత బిగిస్తోంది మరి.

అక్క ఆవిడకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. అక్కది మొదటినుంచీ పిరికి ప్రాణం. కరెంటు మీటరు చూసే మనిషి వచ్చినా లేచి నిలబడి మాట్లాడుతుంది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాక ఆ మిషనే ఆమెకు ఆధారం. కానిస్టేబులు గుమ్మం దాటగానే మిషనమ్మ మీటల మీదికి వేలు చాచింది. అక్క ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దే. నువ్వు నొక్కావంటే వాళ్ళకి తెలిసిపోతుంది."

"తెలియనీ."

"నువ్వు జైల్లో కూర్చుంటే నన్నెవరు చూస్తారు? కోర్టు వద్దంది కదా, ఊరుకో. సిలిండరుతో సర్దుకుంటాలే."

ఆసుపత్రివాళ్ళు చక్రాల బండిమీద పెట్టి తీసుకెళ్ళే చిన్న సిలిండర్లు కొన్ని ఇచ్చారు. నాలుగు రోజులపాటు అక్క సిలిండరు మీటరు ముల్లు వంక చూస్తూ, గాలితోపాటు మాటలనూ పొదుపు చేస్తూ గడిపింది. పొద్దున లేస్తే ఇంట్లో కూర్చుని లోకమంతటినీ గలగలా కడిగిపారేసే మనిషి, అన్నం పెట్టనా అంటే తల మాత్రం ఊపేది. ఇక ఇవ్వడానికి తమ దగ్గర సిలిండర్లు లేవని ఆసుపత్రివాళ్ళు చేతులెత్తేశారు. ఐదో రోజున కోర్టులో విచారణ. మిగిలిన ఆఖరి సిలిండరును బండిమీద ఈడ్చుకుంటూ, ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేనని అక్క కూడా కోర్టుకు వచ్చింది.

కోర్టుగది ఇరుకుగా ఉంది. వెనక బెంచీల మీద చీటీలు తీసుకున్న ఇళ్ళవాళ్ళు చాలామంది కూర్చున్నారు. అందరికీ నోటీసులు అందాయి. మిషనమ్మ తమవైపు తిరిగితే చాలు, వాళ్ళ చూపులు కాళ్ళ చెప్పుల మీదికి పోతున్నాయి.

కంపెనీ లాయరు ఇస్త్రీ నలగని మనిషి. "ఈవిడ ఒక్కరినీ ఆపితే చాలదు సార్. ఎవరూ, ఎక్కడా, ఏ రూపంలోనూ సదరు నంబరును బయటపెట్టకూడదని శాశ్వతంగా ఉత్తర్వు ఇవ్వాలి," అన్నాడు.

జడ్జి గారు ముసలాయన. కళ్ళజోడు పైనుంచి చూశారు. "మీ తరఫున లాయరు లేరా అమ్మా?"

"లేరు సార్. నాకు ఒక్కటే సందేహం. ఈ కాగితంలో సదరు నంబరు, సదరు నంబరు అని తొమ్మిది చోట్ల రాశారు. ఆ నంబరు మాత్రం ఎక్కడా లేదు."

"ఆవిడకు బాగా తెలుసు సార్," అని లాయరు నవ్వాడు.

"నాకు తెలుసు. మిగతా జనానికి? 'ఎవరూ' అన్నారు కదా. ఎక్కడో ఒకాయన తన పార్సిల్ నంబరు ఫోన్‌లో చదివాడనుకోండి. అదీ ఇదీ ఒకటే అయితే? తను నేరం చేశానని ఆయనకెలా తెలుస్తుంది సార్? ఏది చెయ్యకూడదో చెప్పకుండా, చేస్తే జైలంటే ఎలా?"

జడ్జి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. లాయరు ఒంటికాలి మీద లేచి, నంబరును సీలు వేసిన కవరులో ఇస్తామన్నాడు.

"ఎన్ని కవర్లు ఇస్తారు? 'ఎవరూ' అంటే అందరికీ పంపాలి," అంది మిషనమ్మ. వెనక బెంచీల్లో ఎవరో నవ్వబోయి దగ్గారు.

"ఆవిడ అడిగింది న్యాయమే," అన్నారు జడ్జి గారు. "జనానికి తెలియని నిషేధం చెల్లదు. 'ఎవరూ' అన్న మాట తీసేయండి, ఈవిడ ఒక్కరిమీదే ఉత్తర్వు ఇస్తాను. ఆ మాట ఉండాలంటే నంబరు ఉత్తర్వులో ఉండాలి, ఉత్తర్వు బయట గోడమీద ఉండాలి. ఏది కావాలో చెప్పండి."

లాయరు బయటికెళ్ళి కంపెనీకి ఫోన్ చేశాడు. కంపెనీలో పెద్దవాళ్ళకు కళ్ళు నెత్తికెక్కి ఎన్నాళ్ళయిందో, 'ఎవరూ' అన్న మాటను వదులుకోవడానికి ససేమిరా అన్నారు. నంబరు గోడమీద ఉన్నంత మాత్రాన కోర్టును ఎదిరించే మొగాడెవడని వాళ్ళ ధీమా.

జడ్జి గారు సంతకం పెట్టి మిషనమ్మ వైపు తిరిగారు. "మీరు రాసిచ్చిన మాట ఇక శాశ్వతం అమ్మా. నోరు జారితే ఆరు నెలలు. అప్పుడు నేనూ ఏమీ చెయ్యలేను."

బంట్రోతు ఉత్తర్వును వరండా గోడకు జిగురుతో అంటించాడు. కింద, లావు అక్షరాల్లో, పన్నెండు అంకెలు ఉన్నాయి. కానిస్టేబులు పక్కన నిలబడ్డాడు. లాయరు చేతులు కట్టుకుని, వచ్చేవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. "చదువుకోండమ్మా, చదువుకోండి. నోటితో ఎవరంటారో చూస్తాను," అన్నాడు. జనం వచ్చారు, చూశారు, తలలు దించుకుని గోడ పక్కనుంచి తప్పుకున్నారు. ఇంతేనా అనుకుంది మిషనమ్మ. పదకొండు ఆదివారాలూ బూడిదలో పోసినట్టు అనిపించి ఆవిడకు ఏడుపొచ్చింది.

చక్రాలు కిర్రుమన్నాయి. అక్క బండిని ఈడ్చుకుంటూ గోడ ముందుకు వచ్చి నిలబడింది. సిలిండరు ముల్లు ఎరుపులోకి దిగి ఉంది.

"నాలుగు," అంది అక్క.

తప్పుకుంటున్నవాళ్ళు ఆగి వెనక్కి తిరిగారు.

"అక్కా, పద ఇంటికి."

"సున్నా." ఊపిరి తీసుకుంది. "ఏడు." మళ్ళీ తీసుకుంది. "మూడు."

"ఏమండీ, అది నేరం," అన్నాడు లాయరు.

"నాకు ఊపిరి కావాలి బాబూ," అంది అక్క అతని వంక చూడకుండానే. "ఒకటి... తొమ్మిది... ఐదు..."

ఏడో అంకె దగ్గర దగ్గు తెర వచ్చింది. అక్క గోడకు చెయ్యి ఆనించి వంగిపోయింది. నోరు తెరిచింది, మాట రాలేదు. పెదవులు నీలం తిరిగాయి. తల తిప్పి చెల్లెలి ముఖంలోకి చూసింది. ఆ కళ్ళల్లో భయం లేదు, తొందర ఉంది.

మిషనమ్మ సిలిండరు మీట పూర్తిగా తిప్పి, అక్క వీపు నిమిరింది. గోడ వైపు చూడనైనా లేదు. ఆవిడకు ఆ గోడతో పనేముంది?

"ఐదు, రెండు, ఎనిమిది, ఆరు, సున్నా," అంది, వరండా చివరిదాకా వినబడేలా.

లాయరు అరిచేసరికి కానిస్టేబులు ముందుకొచ్చాడు. జేబులోంచి పుస్తకం తీశాడు, పెన్ను మూత తీశాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు.

"కేసు రాయాలి. ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయాలి," అన్నాడు. "మళ్ళీ మొదటినుంచి చెప్పండమ్మా. కొంచెం మెల్లగా."

వెనక ఎవరో సంచీలోంచి పెన్సిలు తీస్తున్నారు. ఇంకెవరో కాగితం అడుగుతున్నారు. అక్క అప్పటికి ఊపిరి కూడదీసుకుని, గోడను వదిలి నిటారుగా నిలబడింది.

"నా పేరు ముందు రాసుకో బాబూ," అంది. "మొదలుపెట్టింది నేను."